లోలోకంలో కింద ఎటు?

వారపత్రిక ఆఫీసు, మేడ మీది ప్రూఫుల గది
జూన్ 6

చిట్టీ,

నువ్వు క్షేమమని తలుస్తాను. నేను మాత్రం క్షేమంగా లేను. కారణం ఒక లెక్కల మాస్టారు. ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నా సీరియల్ ‘లోలోకం’ ప్రతి వారం చదివి, తప్పులు ఏరి, పోస్టుకార్డు మీద నంబర్లు వేసి మరీ పంపుతాడు. పగలంతా ఊరందరి రాతల్లో తప్పులు దిద్దే నాకు, నా రాతల్లో తప్పులు దిద్దడానికి తగినవాడే దొరికాడు.

ఈ వారం కార్డు మీద ఒకటే ప్రశ్న. ‘అయ్యా, మీ కథలో భూమి బోలుగా ఉంది. దాని లోపలి గోడ మీద ఊళ్ళున్నాయి. అక్కడి మనుషులకు కింద అంటే ఎటు?’

సీరియల్ మొదలై పదకొండు వారాలైంది. నా వీరుడు గనిలో జారి, మూడు వారాలు పడుతూనే ఉండి, చివరికి మెత్తటి నాచు మీద పడ్డాడు. (మూడు వారాల్లో తను రెండు రవికెలు కుట్టుకుందనీ, వాడు ఇంకా పడుతూనే ఉన్నాడనీ మీ వదిన ఫిర్యాదు.) లోపల మెరిసే రాళ్ళు పెట్టాను, వీధులు పెట్టాను, బడి పెట్టాను, న్యాయస్థానం కూడా పెట్టాను. కింద ఎటో పెట్టడం మరిచిపోయాను. పెద్దవాళ్ళు మన కాళ్ళ కింద అతలం, వితలం అంటూ ఏడు లోకాలు చెప్పారు గానీ ఒక్కదానికీ మెట్లు ఎటున్నాయో చెప్పలేదు.

నాకు తెలిసినవాళ్ళలో రోజూ భూమి లోపలికి వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేది నువ్వొక్కదానివే. కొండ అడుగున సొరంగానికి కొలతలు తీసే సర్వేయరు సొంత చెల్లెలై ఉండగా నేను నాచుని నమ్ముకోవడం ఏమిటి? చెప్పు. లోపల చీకటి ఎలా ఉంటుంది? చప్పుడు ఎలా వినిపిస్తుంది? అందరికన్నా ముందు దేనిమీద బెంగ పుడుతుంది? వీలైనంత పొడుగ్గా రాయి.

నీ అన్నయ్య


సొరంగం ముఖం దగ్గర రేకుల షెడ్డు
జూన్ 15

అన్నయ్యా,

మీ మాస్టారికి నా తరఫున ఒక దండం. నీ నోరు మూయించిన మొదటి మనిషి.

ముందు నీకు తెలియని సంగతి ఒకటి. నీ ‘లోలోకం’ నిజంగానే భూమి లోపల చదువుతున్నారు. మధ్యాహ్నం అన్నాల వేళ మా మేస్త్రీ టోపీ దీపం సరిచేసుకుని గట్టిగా చదువుతాడు. ముప్పై ఎనిమిది మంది క్యారియర్లు ముందు పెట్టుకుని వింటారు. రాసేది మా అన్నయ్యే అని చెప్పినప్పటి నుంచి నాకు కూర్చోవడానికి పెట్టె జరుపుతున్నారు. అయితే మేస్త్రీకి ఒక అనుమానం ఉంది. ‘అమ్మా, మీ అన్నగారి ఊళ్ళో మురుగు ఎటు పోతుందో కాస్త కనుక్కోండి’ అన్నాడు.

నాదీ అదే మాట. కథల్లో భూగర్భ నగరాలన్నీ అద్దంలా ఎందుకుంటాయి? లోపల ఉండేది చీకటి కాదు, నీళ్ళు. పక్కగోడ నుంచి కారతాయి, కప్పు నుంచి చుక్కలు పడతాయి, నేలలోంచి ఊరతాయి. మా దగ్గర నాలుగు పంపులు తిరుగుతూనే ఉంటాయి. ఒక్కటి ఆగితే గంటలో మోకాలి లోతు. నీ మహానగరానికి వెయ్యేళ్ళ చరిత్ర ఉందన్నావు, ఒక్క పంపు లేదు! చప్పుడు సంగతి అంటావా, వెనక నుంచి వచ్చే బండి ముందు నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. కొత్తవాళ్ళు తప్పుకోబోయి దానికే ఎదురెళ్తారు. ఇక బెంగ అడిగావు. వెలుతురు మీద కాదు, దీపాలున్నాయి. దూరం మీద. రోజంతా ఏదీ ఇరవై అడుగులకు మించి కనబడదు. బయటికి వచ్చాక అవతలి కొండని ఊరికే చూస్తూ నిలబడతాం, అందరం.

కింద ఎటో నాకు తెలియదు గానీ, మా దగ్గర పైనా కిందా ఎలా తారుమారవుతాయో చెప్తాను. బయట అయితే నేల మీద గుర్తు పెట్టి దాని మీద యంత్రం నిలబెడతాం. గుర్తు ఎత్తుకి యంత్రం ఎత్తు కలుపుతాం. సొరంగంలో నేల మీద గుర్తు నిలవదు. రాళ్ళ బండ్లు తొక్కేస్తాయి, బురద మింగేస్తుంది. అందుకని కప్పుకి మేకు కొడతాం. దానికి గుండు కట్టిన దారం వేలాడదీసి, ఆ కిందికి యంత్రం తెస్తాం. గుర్తు నెత్తి మీద ఉంది కాబట్టి ఇక్కడ ఎత్తు కలపకూడదు, తీసెయ్యాలి. బయట కూడిక, లోపల తీసివేత. బయట పదేళ్ళు చేసి వచ్చినవాళ్ళు కూడా మొదటి నెల ఇక్కడే బోర్లా పడతారు.

అంత జాగ్రత్త ఎందుకంటే, కొండకి ఇటు నుంచి మేము, అటు నుంచి ఇంకో జట్టు తవ్వుకుంటూ వస్తున్నాం. మధ్యలో కలవాలి. మా వైపు జలాశయం నీళ్ళు సొరంగంలో దిగి, అటువైపు పట్నానికి పోవాలి. మోటార్లు లేవు, వాలు ఒక్కటే దిక్కు. వెయ్యి అడుగులకు ఒక్క అడుగు వాలు. అటు జట్టులో ఒక్క మొహమూ నాకు తెలియదు. వారానికోసారి వాళ్ళ అంకెలు వస్తాయి, మావి వెళ్తాయి. అంతే.

నీకు ఉపయోగపడితే మా కొలతల పుస్తకంలో ఒక పేజీ నకలు రాసి పంపుతాను.

చిట్టి


ప్రూఫుల గది
జూన్ 24

బంగారు చెల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ వదిన ఒకసారి చదివి, ‘కథ చెల్లెలు రాసి, పేరు అన్న పెట్టుకుంటే సరి’ అంది.

ఈ వారమే నగరంలో నాలుగు పంపులు పెట్టించాను. వాటిని ఆపనివ్వని ఒక ముసలివాణ్ణి కూడా పెట్టాను. అతను రాజుకన్నా గొప్పవాడని ఊరంతా ఒప్పుకుంటారు. మీ మేస్త్రీకి చెప్పు, మురుగు సంగతి కూడా చూశాను.

కప్పుకి మేకుల సంగతి చదివాక ఆ రోజు ఇంకేమీ చేయలేకపోయాను. ఆలోచించు. లోలోకం వాళ్ళు మనకి తలకిందులుగా కనిపిస్తారు, వాళ్ళకి మనం. వాళ్ళ బడిలో ‘పైన రాయి ఉంది, రాయి అవతల ఏమీ లేదు’ అని నేర్పుతారు. అవతల ఇంకో లోకం ఉందన్నవాణ్ణి పిచ్చివాడంటారు. మనకి మాత్రం ఏం తెలుసు? మన ఆకాశం కూడా ఎవరి కప్పో! ఇంకో ప్రశ్న వేధిస్తోంది. ఇలాంటి కథలన్నిట్లోనూ కిందివాళ్ళు మనకన్నా తెలివైనవాళ్ళు, మంచివాళ్ళు ఎందుకవుతారు? కనబడనివాళ్ళు కాబట్టేనా? ఎవరైనా దగ్గర నుంచి చూస్తే వాళ్ళకీ తప్పులుంటాయి కదా? నా కథ ఇక్కడే ఆగిపోయింది. అందరూ మంచివాళ్ళే అయితే ఏం జరుగుతుంది? సంపాదకుడు రోజూ మేడ ఎక్కి, ‘ఏమైనా జరిగిందా?’ అని అడిగి దిగిపోతున్నాడు. నెల రోజుల్లో ఏదో ఒకటి జరగకపోతే సీరియల్ ఆపేస్తాడట.

కొలతల పేజీ త్వరగా పంపు.

అన్నయ్య


రేకుల షెడ్డు
జూలై 3

అన్నయ్యా,

పేజీ పంపడం లేదు.

నీకు నమూనాగా బాగుంటుందని మార్చి నెల పేజీ ఒకటి ఎంచుకున్నాను, నలభై ఒకటో మేకుది. ఆ రోజు పొద్దున బయట కొలిచి, మధ్యాహ్నం లోపలికి వచ్చాను. నకలు రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. తీసెయ్యాల్సిన అడుగున్నరని కలిపాను. అంటే మూడడుగుల తేడా. ఆ తర్వాతి మేకులన్నీ దాని మీద ఆధారపడ్డవే.

ఆ రోజు సరిచూడాల్సిన మనిషి జ్వరంతో రాలేదు. పేజీ అడుగున ‘కొలిచినవారు’ దగ్గరా ‘సరిచూసినవారు’ దగ్గరా రెండు సంతకాలూ నేనే పెట్టాను. ఒక్కరోజే కదా అనుకున్నాను.

అన్నిటికన్నా పెద్ద పాపం ఇంకొకటి. అంకెల ప్రకారం సొరంగం మూడడుగులు పైకి పోయినట్టు వచ్చింది. నేను మేస్త్రీని అందరి ముందూ కడిగేశాను. ‘నా తవ్వకం తప్పదమ్మా, ఇంకోసారి చూడండి’ అన్నాడు. అంకెలు అబద్ధం చెప్పవన్నాను. ఆయన సొరంగాన్ని మూడడుగులు కిందికి దించాడు. అప్పటి నుంచి అలాగే తవ్వుతున్నాం. ఇలాగే పోతే అటువాళ్ళని కలిసేచోట మూడడుగుల గట్టు ఉంటుంది. నీళ్ళు గట్టు ఎక్కవు.

ఆదివారం పని ఉండదు. ఒక్కదాన్నే వెళ్ళి మళ్ళీ కొలుస్తాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పకు, వదినకి కూడా. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. ఈ ఒక్కటీ నాననివ్వు.

చిట్టి


ప్రూఫుల గది
జూలై 9

చిట్టీ,

ధైర్యంగా ఉండు. తప్పు చేయని మనిషి ఉండడని ప్రూఫులు దిద్దేవాడు చెప్తున్నాడు, నమ్ము. ఆదివారం కొలతలో అదే తేలితే సోమవారమే మీ పెద్ద సర్వేయరు గారికి చెప్పెయ్. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవద్దు.

చెయ్యి ఆగిపోయిందన్నావే, ఆ క్షణంలో ముందు ఏం చేశావు? పుస్తకం మూశావా? ఎవరి మొహం గుర్తొచ్చింది? మర్నాడు మేస్త్రీ ఎదురైతే ఆయన కళ్ళలోకి చూడగలిగావా? కింద పనిచేసేటప్పుడు ఇప్పుడు కప్పుకేసి చూస్తున్నావా, చూడటం మానేశావా? చెప్పుకుంటే మనసు తేలికపడుతుందని అడుగుతున్నాను.

అన్నయ్య


రేకుల షెడ్డు
జూలై 16

అన్నయ్యా,

కొలిచాను. మూడడుగులే. రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ మూడడుగులే.

ఇంకా చెప్పలేదు. పెద్ద సర్వేయరు గారు పై ఆఫీసులో ఉన్నారు, గురువారం వస్తారు. (నిన్న ఇక్కడే ఉన్నారు. మొన్న కూడా.) రోజుకి పన్నెండు అడుగులు ముందుకు పోతున్నాం. ఇప్పుడు చెప్తే మిగిలిన దూరంలో కొద్దికొద్దిగా పైకి లేపుకుంటూ పోవచ్చు. ఆలస్యమైనకొద్దీ కష్టం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నాకు నేనే చెప్పుకుంటూ అడుసులో నిలబడి ఉన్నాను.

నువ్వడిగినవి చెప్తాను, ఇంకెవరూ అడగరు కాబట్టి. పుస్తకం మూయలేదు. దాని మీద టీ గ్లాసు పెట్టాను, ఆ పేజీ కనబడకుండా. మర్నాడు మేస్త్రీ యథాప్రకారం నాకు పెట్టె జరిపాడు. కూర్చోలేకపోయాను, నడుం నొప్పన్నాను. ఆయన ఎక్కణ్ణించో ఒక దిండు తెచ్చి పెట్టె మీద వేశాడు. కప్పుకేసి చూడటం మానలేదు. ప్రతి మేకూ నాకేసి చూస్తున్నట్టుంటుంది. నాకు భయంగా ఉంది అన్నయ్యా. ఉద్యోగం పోతుందని సగం, ఆ దిండు గుర్తొచ్చి సగం.

చిట్టి


ప్రూఫుల గది
జూలై 25

చిట్టీ,

ఎక్కువ రాయడానికి టైము లేదు. శనివారం సంచిక మీ దగ్గరికి చేరేలోపు మీ పెద్దాయనకి చెప్పెయ్. కారణం అడక్కు. దయచేసి.

అన్నయ్య


రేకుల షెడ్డు
జూలై 30

నీ ఇరవై అయిదో తారీఖు ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పత్రిక నిన్న మధ్యాహ్నమే అందింది.

ఎప్పట్లాగే మేస్త్రీ చదివాడు. లోలోకంలో ‘కొలతలమ్మ’ అనే ఆవిడ ఉందట. కప్పుకి మేకులు కొడుతుందట. ఒక మేకు దగ్గర తప్పు చేసి, తవ్వేవాడి మీదికి తోసిందట. పేజీ మీద టీ గ్లాసు పెట్టిందట. పెట్టె మీద దిండు కూడా ఉంది. దిండు కూడా వదల్లేదు నువ్వు.

చదువుతూ చదువుతూ ఆయన గొంతు నెమ్మదించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను తల దించేసుకున్నాను. ముప్పై ఎనిమిది మందిలో ఒక్కరూ నవ్వలేదు. ఆయన చివరి వాక్యం దాకా చదివి, పత్రిక మడిచి, ‘తినండి, చల్లారిపోతోంది’ అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

‘అమ్మా, మార్చిలో నేను పైకి పోలేదు కదా?’

‘పోలేదు’ అన్నాను.

‘అదే అనుకున్నాను’ అని వెళ్ళి టోపీ పెట్టుకున్నాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

అక్కణ్ణించి తిన్నగా పెద్ద సర్వేయరు గారి దగ్గరికి నడిచాను. ఆయన పుస్తకం తెరిచి చాలాసేపు చూసి, ‘కూడికకి తీసివేతకి పొరపాటు ఎవరైనా పడతారు. ఈ రెండో సంతకం పొరపాటు కాదమ్మా’ అన్నారు. కింద ఇంకో సంతకం ఉంది, ఆయనది. దాన్ని వేలితో చూపించి, ‘ఇదీ కాదు’ అన్నారు. పై ఆఫీసుకి పంపే కాగితంలో ఇద్దరి పేర్లూ రాశారు. పని ఆపేశారు. పుస్తకం నా దగ్గర్నుంచి తీసుకున్నారు. అటు జట్టు సర్వేయరు వచ్చి మొత్తం తిరిగి కొలుస్తాడట.

వెళ్ళి చెప్పాల్సింది నేను. నా నోటితో, నా కాళ్ళ మీద వెళ్ళి. ఆ కాస్తా నువ్వు తీసేసుకున్నావు. ఇకమీదట నాకు ఉత్తరం రాయకు.


ప్రూఫుల గది
ఆగస్టు 6

చిట్టీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను.

నీ మేలు కోరి, నువ్వు నోరు తెరవాలనే అలా రాశానని చెప్పుకోవచ్చు. మీ వదిన కూడా అలాగే చెప్పమంది. కానీ అది అబద్ధం. నీ జూలై పదహారు ఉత్తరం వచ్చిన రోజే సంపాదకుడు మేడ ఎక్కాడు. ‘ఏమైనా జరిగిందా?’ అన్నాడు. నా చేతిలో నీ ఉత్తరం ఉంది. ‘జరిగింది’ అన్నాను. ఆ పూట మూడు గంటల్లో రాశాను, ఇన్నేళ్ళలో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. రాస్తున్నంతసేపూ నువ్వు గుర్తే రాలేదు. అచ్చుకి పోయాక గుర్తొచ్చావు. నన్ను అసహ్యించుకోవాలంటే దీనికి అసహ్యించుకో.

సీరియల్ ఆపేస్తున్నానని సంపాదకుడికి చెప్పాను. ఇరవై వారాలకే ‘సమాప్తం’ వేశాం. పాఠకులు తిడుతున్నారు.

అన్నయ్య


ప్రూఫుల గది
అక్టోబరు 12

చిట్టీ,

ఇది మూడో ఉత్తరం. జవాబు ఆశించకుండా రాయడం కూడా అలవాటైంది.

లెక్కల మాస్టారు సీరియల్ ఆగినా కార్డులు ఆపలేదు. ఈసారి కార్డంతా లెక్కలే. సారాంశం ఇది: గోళం బోలుగా ఉంటే, లోపల ఎక్కడ నిలబడ్డా అన్నివైపుల లాగుడూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుందట. లోలోకంలో బరువే ఉండదట. కింద ఎటు అన్న ప్రశ్నకి జవాబు, ఎటూ కాదు. నా ఊళ్ళూ బడీ న్యాయస్థానం అన్నీ గాల్లో తేలుతూ ఉండాల్సిందట. అది చదివి నవ్వుకున్నాను. తర్వాత ఈ సంగతి చెప్పడానికి నువ్వు లేవని గుర్తొచ్చి నవ్వలేకపోయాను.

నువ్వు ఉద్యోగంలో ఉన్నావో లేవో కూడా నాకు తెలియదు. అది ఒక్కటి తెలియజెయ్యి. కార్డు ముక్క చాలు.

అన్నయ్య


రేకుల షెడ్డు
నవంబరు 21

అన్నయ్యా,

ఉద్యోగం ఉంది, హోదా లేదు. అటు నుంచి వచ్చిన సర్వేయరు కొలుస్తాడు, నేను టేపు చివర పట్టుకుంటాను. నేను దింపించిన సొరంగం నేలని కాంక్రీటుతో లేపి, కప్పు మళ్ళీ చెక్కడానికి మా వాళ్ళకి రెండు నెలలు పట్టింది. తాము తవ్విందే మళ్ళీ తవ్వారు. మొదటి రోజు మేస్త్రీ అందరి ముందూ నిలబడ్డాడు. నేను కూడా నిలబడి, ‘మార్చిలో తప్పు మేస్త్రీది కాదు, నాది’ అన్నాను. పత్రికలో వచ్చేసిన సంగతే. అయినా నా నోటితో చెప్పాలి కదా. ‘సరేనమ్మా, గునపాలు అందుకోండి’ అన్నాడు, నాకు కాదు, వాళ్ళకి.

నిన్న కలిశాం.

అటు జట్టు ముందురోజే ఆగిపోయి వెనక్కి జరిగింది. మిగిలిన రాయి నాలుగడుగులని లెక్క. పేలుడు పెట్టకుండా డ్రిల్లుతోనే వెళ్ళాలన్నారు. నేను వెనక టేపు పట్టుకుని ఉన్నాను. డ్రిల్లు ఉన్నట్టుండి గొంతు మార్చింది. కడ్డీ వెనక్కి లాగేసరికి పిడికిలి పట్టేంత కన్నం. అందరూ దీపాలు అటు తిప్పారు, ఎవరూ ముందుకు వెళ్ళలేదు. మేస్త్రీ వెనక్కి తిరిగి, ‘అమ్మా, మీరు ఇలా రండి’ అన్నాడు. వద్దన్నాను. ‘లెక్క సరిపోయిందో లేదో చూసుకోవద్దా?’ అన్నాడు.

వెళ్ళి కన్నానికి మొహం పెట్టాను. ముందు ఏమీ కనబడలేదు. గాలి వచ్చింది అన్నయ్యా. మూడేళ్ళుగా మేం పీల్చింది పంకాలు తోసిన గాలి. ఇది తనంతట తను వస్తోంది, చల్లగా, తడి సిమెంటు వాసనతో, ఎవరో కాల్చిన బీడీ వాసనతో. కొండకి అటు చివర నుంచి ఇటు చివర దాకా దారి దొరికి పరిగెత్తుకొస్తోంది. నా టోపీ కింద జుట్టు కదిలింది. సొరంగంలో జుట్టు కదలడం నాకు ఎప్పుడూ తెలియదు.

అప్పుడు అవతల నుంచి ఒక గొంతు, కొంచెం భయంగా, ‘ఎవరూ?’ అంది.

ఆ సర్వేయరు ఒక్కడు తప్ప, అన్నేళ్ళుగా వాళ్ళు మాకు వారానికో అంకెల కాగితం. ఇన్నాళ్ళూ కొండ లోపల ఎవరో ఉన్నారని మేం అనుకుంటుంటే, వాళ్ళకి మేమే ఆ లోపలివాళ్ళం. పేరు చెప్తే వాళ్ళకేం తెలుస్తుంది? ‘మేమే’ అన్నాను. తర్వాత అరుపులు, నవ్వులు, ఇటూ అటూ. ఎవరో కన్నంలోంచి చెయ్యి పెట్టారు. మణికట్టు దాకా సిమెంటు. పట్టుకున్నాను. ఎత్తులో తేడా ముప్పావు అంగుళమని తర్వాత కొలిచారు.

నా కోపం ఇంకా పోలేదు. పోయినప్పుడు చెప్తాను. కానీ ఆ చెయ్యి పట్టుకుని ఉండగానే, ఇది ఎవరితో చెప్పాలా అని వెతుక్కుంటే నీ మొహం తప్ప ఇంకొకటి గుర్తు రాలేదు. ఏడుపొచ్చింది. కళ్ళలో రాతిపొడి పడిందని అందరికీ చెప్పాను.

దీన్ని ఎక్కడా రాయకు. నీకోసం రాశాను.

చిట్టి